అర మూత

లాంచీ గట్టు విడిచి, ఏటి నడుమకి తిరిగి, ఎంత కేకేసినా వినపడనంత దూరం వెళ్ళాక అప్పుడు కూర్చున్నాను. నిన్న మధ్యాహ్నం నుంచి నింపాదిగా కూర్చోవడం ఇదే మొదలు. లారీలో మిగిలిన ఖాళీ బకెట్ ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాను, ఇరవై రెండేళ్ళుగా నా సింహాసనం అదే. సహాయ సామగ్రి గోడౌన్‌లో కుర్చీలు లేవని కాదు, రెండున్నాయి, ఒకదానికి కాలు సరిగా లేదు, రెండోదాని మీద ఫైళ్ళు కూర్చుంటాయి, వాటిని లేపే ధైర్యం ఎవరికీ లేదు. మూడు రోజుల ముసురు తర్వాత ఎండ వచ్చింది. తడిసిన బట్టలు ఒంటి మీదే ఆరుతున్నాయి, వీపు వెచ్చబడుతుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడుతున్నాయి. హాయిగా ఉంది. వరద గట్టున కూర్చుని హాయిగా ఉందనడం తప్పో ఒప్పో గాని ఉన్నమాట అది. కట్ట తెగి మూడు రోజులైంది, వంతెన కొట్టుకుపోయింది, ఫోన్లు మూగబోయాయి, అవతలి గట్టున మెరక మీద ఉన్న బడిలో నూట అరవై కుటుంబాలు తలదాచుకున్నాయి. కుటుంబానికొక బకెట్, నూట అరవై బకెట్లు కట్టాను, తొంభై ఆరు ఇప్పుడే లాంచీలో వెళ్ళాయి, అరవై నాలుగు ఇంకా లారీలో ఉన్నాయి. వెళ్ళడానికి పావుగంట, రావడానికి పావుగంట, దింపడానికి అరగంట. ఒక గంటసేపు నాకు ఏ పనీ లేదు, ఇలాంటి గంట దొరికి ఎన్నాళ్ళయిందో.

నిజానికి నేనూ లాంచీలో ఉండాలి. ఎక్కాను కూడా. లాంచీ నడిపే సరంగు, నెరిసిన మీసాల పెద్దమనిషి, నన్ను ఎగాదిగా చూసి, మీరు ఎక్కితే ఏడు బకెట్లు దిగాలమ్మా అన్నాడు. ఎనిమిది అననందుకు మనసులోనే దణ్ణం పెట్టుకుని దిగిపోయాను. కట్టిన బకెట్ తొమ్మిది కిలోలు, నేను అరవై మూడు, మనిషి కంటితోనే తూచేశాడు. మా ఆయనా అంతే, దర్జీ పని, ఎదురుగా వచ్చే మనిషి నడుము కొలత టేపు లేకుండా చెప్పేస్తాడు, నాది మాత్రం చెప్పకుండా ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. పెళ్ళయిన కొత్తలో రెండు అంగుళాలు తగ్గించి చెప్పేవాడు, ఇప్పుడు ఆ మొహమాటం కూడా పోయింది. ఏడు కుటుంబాలు ఇంకో గంట ఆగేకంటే నేను ఆగడమే మేలు కదా, అందులో తప్పేముంది, సంతోషంగానే దిగాను, సరంగుతో నవ్వాను కూడా. గట్టు మీద బురదలో కాళ్ళు దిగబడుతున్నాయి, కాని ఇక్కడో గులకరాళ్ళ దిబ్బ ఉంది, బకెట్ దాని మీదే వేసుకున్నాను. లారీ డ్రైవరు ముందు సీట్లో పడి నిద్రపోతున్నాడు, రెండు పాదాలూ కిటికీలోంచి బయటికి పెట్టి. అతన్ని మేమంతా నిదానం అంటాం. నిదానమే ప్రధానం అని ప్రతి మలుపు దగ్గరా అంటాడు, అంటూనే వెనకాల ఎవరో తరుముతున్నట్టు తోలుతాడు.

మోకాళ్ళు ఎందుకో ఇబ్బందిగా ఉన్నాయి. ముందు వయసు అనుకున్నాను, ఏ నొప్పి వచ్చినా ముందు దాని నెత్తినే వేస్తాం. తర్వాత చూసుకున్నాను. బకెట్ మీద కూర్చుంటే నా ఒడి బల్లలా చదునుగా ఉంటుంది ఎప్పుడూ, టీ గ్లాసు నిలబడుతుంది, లిస్టు పెట్టి రాసుకోవచ్చు. ఇప్పుడు మోకాళ్ళు పైకి లేచి గడ్డం దాకా వచ్చాయి, టీ గ్లాసు పెడితే జారి ఏట్లో పడుతుంది. బకెట్ పొట్టిది. అవును పొట్టిదే, పది లీటర్లది, ఎప్పుడూ వచ్చే ఇరవై లీటర్లవి దొరకలేదని నిన్న మధ్యాహ్నం ఇవి దింపారు, నాకు తెలిసిన సంగతే. తెలిసిన సంగతే అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. కాగితం. ప్రతి బకెట్‌లో నీళ్ళు శుద్ధి చేసే మందు సీసా ఉంటుంది, సీసాకి చుట్టి ఒక కాగితం ఉంటుంది, దాని మీద చదువు రానివాళ్ళకి బొమ్మలు, చదువొచ్చినవాళ్ళకి మూడు ముక్కలు. బకెట్ నీళ్ళకి మూతెడు మందు. అరగంట ఆగండి. తాగండి. ఆ బకెట్ ఇరవై లీటర్లది. ఆ కాగితాలు నేనే, ఈ చేతుల్తోనే, ఈ పొట్టి బకెట్లలో నూట అరవై పెట్టాను.

లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు, నిలబడితే ఏదో చేసినట్టు ఉంటుంది కాబోలు. లాంచీ అప్పటికి అవతలి గట్టుకి దగ్గరలో చీమంత కనిపిస్తోంది. ఎలా జరిగింది, ఇంత అనుభవం పెట్టుకుని ఎలా జరిగిందంటే, నిజం చెప్పాలంటే, నా అనుభవం వల్లే జరిగింది. మాకు బకెట్ అంటే పెట్టె. నీళ్ళు మోసేది కాదు, సామాను పట్టేది. నిన్న ఈ పొట్టివి చూసి నేను గోల పెట్టిన మాట నిజం, గోడౌన్ అంతా వినపడేలా పెట్టాను, దేని గురించి? దుప్పటి పట్టదని. సబ్బు నిలువుగా పెడితే మూత బిగియడం లేదని. చివరికి దుప్పటి మడిచి మూత మీద వేసి తాడుతో అడ్డంగా నిలువుగా కట్టే ఉపాయం కనిపెట్టి, చూశారా నా తెలివి అని అందరినీ పిలిచి చూపించుకున్నాను. అందులో ఏమేం పడతాయని నూట అరవై సార్లు చూశాను గాని, దాంట్లో నీళ్ళు పడతాయని, ఎన్ని పడతాయని ఒక్కసారి కూడా తట్టలేదు. వాళ్ళు పది లీటర్ల నీళ్ళలో ఇరవై లీటర్ల మందు పోస్తారు, ఎందుకంటే మేం చెప్పినట్టే చేస్తారు కాబట్టి.

లారీ దగ్గరికి వెళ్ళి నిదానం పాదం పట్టుకుని ఊపాను. చెప్పినదంతా కళ్ళు తెరవకుండానే విన్నాడు, అలా వినడం అతని అలవాటు.

"రెండింతలు మందేస్తే చచ్చిపోతారా అక్కా?"

"చావరు. తాగరు."

"తాగకపోతే?"

"ఏటి నీళ్ళు తాగుతారు."

అప్పుడు కళ్ళు తెరిచి ఏటి వంక చూశాడు. ఏరు ఏమేం మోసుకుపోతోందో పొద్దున్నుంచి ఇద్దరం చూస్తూనే ఉన్నాం, గడ్డివాములు, తలుపులు, పొట్ట ఉబ్బిన పశువులు. లేచి కూర్చుని హారన్ మీద చెయ్యి వేశాడు. మూడుసార్లు మోగించాడు, ఆగి మళ్ళీ మూడుసార్లు. ఏరంతా మారుమోగింది. అవతల మెరక మీద రంగురంగు చుక్కల్లా జనం లాంచీ వైపు దిగుతున్నారు, వాళ్ళలో ఒక చుక్క ఆగింది, ఇంకొకటి ఆగింది, ఎవరో తెల్లటి తువ్వాలు పైకెత్తి ఊపారు. తర్వాత నలుగురైదుగురు ఊపారు. మేం పలకరిస్తున్నామనుకున్నారు పాపం, పలకరింపుకి పలకరింపు. నిదానం చెయ్యి తీసేశాడు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మర్యాదకి తువ్వాలు తిరిగి ఊపకపోతే బాగుండదని అతను తన భుజం మీది తుండుగుడ్డ తీసి నాలుగుసార్లు ఊపాడు.

వాసన చిన్న విషయం కాదు. వినేవాళ్ళకి చిన్నగానే ఉంటుంది, ప్రాణం కంటే వాసన ఎక్కువా అంటారు. మూడేళ్ళ క్రితం కొండల్లో భూకంపం వచ్చినప్పుడు నేను రెండో లారీతో ఎనిమిదో రోజున వెళ్ళాను. మొదటి లారీలో వెళ్ళిన బకెట్లు గుడారాల వెనకాల వరసగా పెట్టి ఉన్నాయి, అన్నిటి నిండా నీళ్ళు, అన్నిటిలో మందు సరిగ్గా కలిపి ఉంది, ఎక్కడా తప్పులేదు. వాటితో గిన్నెలు కడుక్కుంటున్నారు. తాగడానికి కిందనున్న వాగుకి వెళ్తున్నారు. ఆ వాగు పైన ఏం కూలి ఉందో ఎవరికీ తెలియదు. నలభై మందికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి, ఇద్దరు పిల్లలు పోయారు. ఆ ఇద్దరిలో ఒక పాప తండ్రి నాకు దారి చూపించడానికి వచ్చాడు, కోపం లేదు, నిష్ఠూరం లేదు, నడుస్తూ నడుస్తూ చెప్పాడు. "వాసనేసిందమ్మా. విషమేమో అనుకున్నాం." సరైన కొలత వేస్తేనే అలా అయితే, రెండింతల వాసన వచ్చే నీళ్ళని ఎవరు నోట్లో పెట్టుకుంటారు? అవతల బడిలో ఎంతమంది పిల్లలున్నారు? లిస్టులో కుటుంబాలు రాస్తారు గాని పిల్లలని విడిగా రాయరు. కుటుంబానికి ఇద్దరు చొప్పున వేసుకున్నా... వద్దు, వేసుకోను, వేస్తే ఆ అంకె నన్ను పట్టుకుని వదలదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, సరే, ఆకులైనా పట్టుకుందాం. నిదానం ఒక్కో బకెట్ దింపి తాడు ముడి విప్పి మూత తీస్తున్నాడు, నేను సీసాకి చుట్టిన కాగితం విప్పి, మూతెడు మందు అన్న చోట మూతెడు కొట్టేసి అర మూత అని రాస్తున్నాను, బొమ్మలో మూత మీద సగానికి అడ్డగీత గీసి కింది సగం నల్లగా నింపుతున్నాను. ఒకటైంది, రెండయ్యాయి, పది. పని చేతిలో పడగానే మనసు కొంచెం కుదుటపడింది, నాకెప్పుడూ అంతే, చేతులు ఖాళీగా ఉంటేనే నాకు భయం. నా అక్షరాలు చూసి, డాక్టరు చీటీలా ఉన్నాయి, ఇవి చదవాలంటే మందుల షాపువాడే రావాలక్కా అన్నాడు నిదానం. నువ్వు కట్టిన ముడి విప్పాలంటే కత్తి వెతుక్కోవాలి, మూసుకుని పని చెయ్ అన్నాను. ఈ అరవై నాలుగూ సరిగ్గా వెళ్తాయి. ఈసారి లాంచీలో చోటు మిగులుతుంది, ఎవరేమన్నా నేను ఎక్కుతాను, సరంగుకి అప్పుడే మనసులో చెప్పేశాను. కాని ఆ తొంభై ఆరు ఇప్పుడు తెరుస్తూ ఉంటారు, ఇప్పుడు, నేను ఈ గీత గీస్తుండగా.

పెద్దాయన ఉంటే ఇది జరిగేది కాదు. నాకు ముందు గోడౌన్ చూసినాయన, నాకు పని నేర్పినాయన, రిటైరై హాయిగా కూతురింట్లో మొక్కలు పెంచుకుంటున్నాడు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది, మా గోడౌన్‌లో తప్ప ఇంకెక్కడా నేను వినలేదు. కట్టే సామానులో ఒక్క వస్తువు మారినా సరే, కట్టిన మనిషి ఆ మూట ఇంటికి తీసుకెళ్ళి, ఇంటిల్లిపాదీ ఒక రోజంతా దాంతోనే బతకాలి. కుళాయి ముట్టుకోకూడదు, పొయ్యి ముట్టుకోకూడదు, మంచం ఎక్కకూడదు. మేం దాన్ని మూటరోజు అంటాం. లిస్టు రాసే ఆఫీసరుకి ఇది ఒట్టి వేళాకోళం, పెద్దాయనకి మాత్రం దేవుడి మాట. దీంతో తన ఇంట్లో ఒకరోజు ఉండలేనివాడు పక్కవాడిని నెల రోజులు ఉండమని ఎలా పంపుతాడు అనేవాడు. నా మొదటి మూటరోజున డబ్బాల్లో మూసిన తిండి వచ్చింది, డబ్బా తెరిచేది లేదు. మా ఆయన అరగంట చూసి చూసి, చివరికి తన కత్తెర తీసుకొచ్చాడు. ఆ కత్తెరతో మా అమ్మాయి ఒకసారి కాగితం కత్తిరించిందని రెండు రోజులు మాట్లాడని మనిషి, దాంతోనే డబ్బాని పొడిచాడు. డబ్బాకి సొట్ట పడింది, కత్తెరకి మొన పోయింది, ఆయన మొహం చూసి నేనూ మా అమ్మాయీ మా అత్తయ్యా పొట్ట పట్టుకుని నవ్వాం. మర్నాడే లిస్టులో డబ్బా తెరిచేది చేరింది.

కాని మూటరోజు అసలు పరీక్ష మా అత్తయ్యతో. ఆవిడ నోటికి తిరుగులేదు. సబ్బు వాసన చూసి, దీంతో స్నానం చేస్తే మళ్ళీ వరదొచ్చినా ఈ కంపు పోదన్నది. దుప్పటి పొట్టిదని తేల్చింది, తాడు పురి వదులుతోందని తేల్చింది, కొవ్వొత్తి పెట్టి అగ్గిపెట్టె పెట్టకపోతే దాన్ని కొరుక్కు తినాలా అంది. ఒకసారి మూటంతా నేల మీద పరిచి, అటూ ఇటూ కెలికి, దువ్వెన ఏదీ అని అడిగింది. దువ్వెన లేదత్తయ్యా, ప్రాణాలు నిలబెట్టే సామాను మాత్రమే పెడతాం అన్నాను. "ఇల్లు పోయిన ఆడది నలుగురి మధ్యకి ఎలా వస్తుంది జుట్టు విరబోసుకుని? ముందు దువ్వెన పెట్టు, తర్వాత నీ దుప్పటి" అంది. ఆఫీసరు దువ్వెన ఎందుకని మూడుసార్లు కొట్టేశాడు, నాలుగోసారి రాసినప్పుడు విసుగొచ్చి వదిలేశాడు. అప్పటినుంచి ప్రతి బకెట్‌లోనూ దువ్వెన ఉంది. ఈసారి మూటరోజుకి టైము లేదు, బకెట్లు నిన్న మధ్యాహ్నం వచ్చాయి, సాయంత్రానికి లారీ కదలాలి. ఒక్క బకెట్ ఇంటికి పంపినా చాలు, మా అత్తయ్య ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసేది, ఏమిటే ఇది, మనుషులు తాగేదా, బట్టలు నానబెట్టేదా అని వీధి చివరిదాకా వినపడేలా అనేది. ఆవిడ నోరు నాకు ఎన్నిసార్లు విసుగు పుట్టించిందో చెప్పలేను, ఈ గట్టు మీద మాత్రం ఆ నోరు కావాలనిపించింది.

నలభై ఒకటి, నలభై రెండు. ఎండ నెత్తి మీదికి వస్తోంది. అవతల బకెట్లు దింపడం తెలుస్తోంది, మనుషులు వరసగా నిలబడి చేతుల మీదుగా మెరక పైకి అందిస్తున్నారు, నీలం రంగు చుక్కలు ఒకదాని వెనక ఒకటి ఎక్కుతున్నాయి. చూడ్డానికి ఎంత బాగుందో. ఇరవై రెండేళ్ళలో ఇవతలి గట్టు నుంచి ఇలా చూడ్డం నాకు ఇదే మొదలు, ఎప్పుడూ ఆ గుంపు మధ్యలోనే ఉంటాను, కాళ్ళు తొక్కుకుంటూ, కేకలేస్తూ. ఈ పని వదిలెయ్యమని మా ఆయన ఏడాదికి ఒకసారి అంటాడు, అనాలి కాబట్టి అంటాడు, వదిలేస్తే ఇంట్లో తనని లిస్టు ప్రకారం సర్దుతానని ఆయనకీ భయమే. ఒకప్పుడు వరద వచ్చి తగ్గిన ఊరికి రెండేళ్ళ తర్వాత వేరే పని మీద వెళ్ళాను. బజారులో కూరలమ్మే ఆవిడ మా బకెట్ బోర్లించుకుని కూర్చుంది. రంగు వెలిసిపోయింది, మా గోడౌన్ ముద్ర ఇంకా ఉంది. నేను ఏమీ చెప్పలేదు, ఎందుకు చెప్పాలి, నాకు అవసరం లేని వంకాయలు రెండు కిలోలు కొనుక్కుని వచ్చేశాను. ఇంట్లో నాలుగు రోజులు వంకాయలే. ఎందుకు కొన్నావని అందరూ అడిగారు, బాగున్నాయని కొన్నానన్నాను, అవి బాగా లేవని కూడా అందరికీ తెలుసు. ఆ నాలుగు రోజులూ నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఎవరికీ చెప్పలేదు.

అరవై నాలుగూ అయ్యాయి. తాళ్ళు మళ్ళీ బిగించాం, వరసగా గట్టు మీద పేర్చాం. ఇక దిద్దడానికి ఏమీ లేదు, మళ్ళీ ఖాళీ చేతులు. ఇప్పటికి వాళ్ళు నీళ్ళు ముంచి, గుడ్డతో వడకట్టి, మూతెడు పోసి ఉంటారు. మొదట ఎవరో ఒక తల్లి పిల్లాడి నోటికి గ్లాసు పెట్టి ఉంటుంది, వాడు మొహం తిప్పేసుకుని ఉంటాడు. ఆవిడ వాసన చూసి ఉంటుంది. తర్వాత ఏం చేస్తుంది? నేనైతే ఏం చేస్తాను? పారబోస్తాను. దాహంతో ఏడుస్తున్న బిడ్డకి ఎదురుగా ఉన్న నీళ్ళు పడతాను, ఏ తల్లయినా అంతే. కొండల్లో ఆ తండ్రి నాతో మాట్లాడినప్పుడు తప్పు మాది కాదని లోపల ఎక్కడో ఊరట ఉండేది, ఆ ఊరట ఉన్నందుకు సిగ్గు కూడా ఉండేది. ఈసారి సిగ్గు ఒక్కటే ఉంటుంది. నిదానం నా పక్కన రాళ్ళ మీద కూర్చుని, లాంచీ తిరిగింది అక్కా అన్నాడు. నేను అప్పటికే చూశాను. అది తిరిగిన దగ్గర్నుంచి ఏరు వెడల్పు పెరిగినట్టుంది, ఎంతకీ రాదు. దగ్గరవుతున్న కొద్దీ ఖాళీ లాంచీలో ముందుభాగాన ఒక నీలం బకెట్ కనపడింది, మూత పెట్టి ఉంది, సరంగు దాని పక్కన కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. వెనక్కి పంపేశారు. చూశావా ఏమిచ్చావో అని చూపించడానికి ఒకటి పంపారు. నా కాళ్ళు నీళ్ళల్లోకి దిగాయి, మోకాళ్ళ దాకా దిగాక గాని నాకు తెలియలేదు.

"మీకు పంపించారమ్మా" అన్నాడు సరంగు, తాడు విసురుతూ.

ఏమన్నారు, పిల్లలు తాగారా, పారబోశారా, ఏటి నీళ్ళు ఎవరైనా తాగారా అని ఒకదాని మీద ఒకటి అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. లాంచీ కట్టి, మీసాలు తుడుచుకుని, నింపాదిగా చెప్పాడు. బడిలో వంటావిడ ఉందట, నాలుగొందల మంది పిల్లలకి రోజూ వండే మనిషి, అవతల ఇప్పుడు పెత్తనమంతా ఆవిడదే. మొదటి బకెట్‌లో కాగితం ప్రకారం మందు పోసి కలపగానే ముక్కు చిట్లించి, కాగితం తీసుకుని బొమ్మ చూసి, బకెట్ చూసి, తన వంటగదిలో నీళ్ళ పీపాకి గీసిన కొలత గీతల్ని చూసి నవ్విందట. కాగితం తల్లి బకెట్‌ది, వచ్చింది పిల్ల బకెట్ అందట. ఆ నీళ్ళు పారబొయ్యనివ్వలేదు, రెండో బకెట్‌లోకి సగం వంచి, రెండిటినీ వడకట్టిన నీళ్ళతో నింపించింది. కొలత తెలియకుండానే ఇంతమందికి వండుతున్నానా అని అందరినీ కసిరి, అరగంట అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదని గరిటె పట్టుకుని కాపలా కూర్చుంది. పంతులుగారి ఎర్ర సిరా తెప్పించి మిగతా కాగితాలన్నీ బడిపిల్లల చేత దిద్దిస్తోందట, తప్పు లెక్క దిద్దించినట్టు. తను బయల్దేరే వేళకి పిల్లలు వరసలో నిలబడి గ్లాసులు పట్టుకుని ఉన్నారని, ఏటి దరికి ఎవరినీ పోనివ్వడం లేదని చెప్పాడు.

నేను లాంచీ అంచు పట్టుకుని నిలబడిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. నిదానం మొహం అటు తిప్పుకుని, చెప్పానా, నిదానమే ప్రధానం అన్నాడు. ఇంతలో సరంగు ఆ బకెట్ ఎత్తి నా చేతికిచ్చాడు. బరువుగా ఉంది. ఇది దేనికని అడిగాను. వచ్చినవాళ్ళు గట్టు మీద పొద్దున్నుంచి ఎండలో ఉన్నారని తనే మాటవరసకి అన్నాడట, వంటావిడ వెంటనే ఒక బకెట్ ఆయన ముందు పెట్టిందట.

"ఇన్ని కట్టినావిడ తన గొంతు తడుపుకుని ఉండదు, తీసుకెళ్ళి ఇవ్వు అందమ్మా. ఈ గట్టు చేరాక ఇంకో పది నిమిషాలు ఆగి తాగాలట, ముందే మూత తియ్యొద్దని మరీ మరీ చెప్పింది."

అప్పుడు గాని తెలియలేదు, నిన్న సాయంత్రం లారీ ఎక్కాక నేను గుక్కెడు నీళ్ళు తాగలేదు. అంత సామానులో మా ఇద్దరికీ నీళ్ళు పెట్టుకోలేదు. నిదానం, సరంగు బకెట్లు ఎక్కిస్తున్నారు, నేను గులకరాళ్ళ మీద ఆ బకెట్ ముందు కూర్చుని పది నిమిషాలు ఆగాను. ఆవిడ చెప్పినట్టే ఆగాను. పిల్లలకి లేని తొందర నాకెందుకు? తర్వాత మూత తీశాను. ఇన్నేళ్ళలో ఎన్ని పంపానో లెక్క లేదు, నాకు ఒకరు పంపడం ఇదే. పైన దుమ్ము పడకుండా ఉతికిన గుడ్డముక్క కట్టి ఉంది, లోపల ఒక స్టీలు గ్లాసు ఉంది. ఇల్లు కొట్టుకుపోయిన మనుషులు గ్లాసు కూడా మర్చిపోకుండా పెట్టారు. ముంచాను, ముక్కు దగ్గర పెట్టుకోబోయి మానేశాను, పెదవులకి ఆనించి గడగడా తాగేశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.